మంచు గుంటలో ముప్పావు గంట

చివరి మంచుదిమ్మను గార్త్ బయటినుంచి నెట్టి, సందుల్లో పారతో మంచు కూరి, బూటుతో రెండుసార్లు అదిమేసరికి లోపలి వెలుగంతా నీలంగా మారిపోయింది. వాల్టర్ కల్మకాఫ్ చాప మీద వెల్లకిలా పడుకుని ఆ నీలాన్ని చూస్తూ ఉండిపోయాడు. మందమైన గాజు సీసాలో నీళ్ళు పోసి కిటికీలో పెడితే వచ్చే రంగు అది. ముప్పయ్యారేళ్ళుగా ఈ టామరాక్ కొండ మీద మంచును పైనుంచి తవ్వి, కొలిచి, నాలుక మీద వేసుకుని, తిట్టి, బతిమాలుకున్న మనిషికి దాన్ని లోపలినుంచి చూసే భాగ్యం ఏ ఏడాదికో ఒకసారి. "బాగానే ఉందా దేదా?" అంది వాకీటాకీ. దేదా అంటే వాల్టర్ వాళ్ళ ఇళ్ళల్లోని రష్యన్‌లో తాత. గార్త్ ఇమాడా తాతముత్తాతలు జపాను నుంచి వచ్చినవాళ్ళు, అయినా ఈ కొండ మీద స్కీయింగ్‌కు వచ్చేవాళ్ళను కాపాడే గస్తీ జట్టుకు నాయకుడయ్యాక ఆ పిలుపు అతనే మొదలుపెట్టాడు, తర్వాత అందరికీ అంటుకుంది. "హాయిగా ఉంది. ఇరుగుపొరుగు గొడవ లేదు," అన్నాడు వాల్టర్. "ముప్పావు గంట. అంతదాకా నోరెత్తకు. అది నీ వాసన పట్టుకుని రావాలిగానీ నీ సోది విని కాదు." టక్కుమని వాకీటాకీ ఆగిపోయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. తన ఊపిరి తనకే పక్కన ఎవరో పడుకున్నట్టు వినిపించింది.

అది అంటే టుల్లీ. నాలుగేళ్ళ ఆడకుక్క, ఒళ్ళంతా నలుపు, ఎడమ ముందుకాలికి మాత్రం మేజోడు తొడిగినట్టు తెలుపు. పన్నెండు రోజుల కిందట, హద్దు జెండాలు దాటి స్కీయింగ్‌కు వెళ్ళిన ఒకాయన మీద మంచుచరియ విరిగి పడితే టుల్లీయే వెతికి పట్టుకుంది. పట్టుకునేసరికి ఆయన ప్రాణాలతో లేడు. కుక్కకు ఇదంతా దాగుడుమూతలు. మంచులో దాక్కున్న మనిషిని బయటికి లాగితే ఆ మనిషి లేచి, నవ్వి, ముడులు వేసిన గుడ్డపేలిక ఒక కొస తాను పట్టుకుని రెండో కొస తనకిచ్చి లాగాలి. ఆ రోజు మనిషి లేవలేదు. అలాంటి రోజున చీకటి పడేలోగా జట్టులో ఎవరో ఒకరు మంచులో దూరి, కుక్కకు బతికున్న మనిషిగా దొరకాలన్నది వీళ్ళ ఆనవాయితీ. ఆ సాయంత్రం తుఫాను పట్టుకుంది, ఎవరూ దూరలేకపోయారు. తర్వాత మూడుసార్లు దూరారు. మూడుసార్లూ టుల్లీ గుంటకు పదడుగుల దాకా వచ్చి, ఆగి, వెనక్కి వెళ్ళి తన శిక్షకురాలు బ్రిన్ బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది. ఇవాళ గురువారం. శనివారం పరీక్షకుడు వస్తాడు. అతని ముందు తవ్వకపోతే టుల్లీ పేరు జట్టులోంచి కొట్టేస్తారు. "దాన్ని కొట్టేస్తే నన్నూ కొట్టేసుకోండి," అంది బ్రిన్ నిన్న, బూటు తాళ్ళు విప్పుకుంటూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా. టుల్లీని గుప్పెడంత పిల్లగా ఉన్నప్పటినుంచీ పెంచి నేర్పినది ఆమే, ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. "మా అన్నకి పూలకొట్టు ఉంది. పూలకుండీల మీద చరియలు పడవు." గస్తీ గుడిసెలో అందరూ నవ్వారు, ఆమె తప్ప. వాల్టర్ కూడా నవ్వాడు, ఎందుకు నవ్వానా అని రాత్రంతా నొచ్చుకున్నాడు.

ఎందుకంటే ఆ పిల్లకు తోడుగా ఉండాల్సింది తనే. చలికాలం మొదట్లో గార్త్ పట్నం వెళ్ళి రెండు రోజుల శిక్షణ పొంది, నాలుగు రంగుల పట్టీ ఒకటి తెచ్చి పొయ్యి పక్క గోడకు అంటించాడు. పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. పచ్చ అంటే బాగున్నాననీ, ఎరుపు అంటే ఇక నావల్ల కాదనీ. పొద్దున్నే గాలి ఎంత, కొత్త మంచు ఎంత, ఏ వాలు ఎలా ఉంది అని చెప్పుకున్నాక, ఎవరి లోపలి వాతావరణం ఏమిటో వాళ్ళు రంగుతో చెప్పాలి. మొదటి వారం అందరికీ సిగ్గు, రెండో వారం వేళాకోళం, మూడో వారానికి బూటు తాళ్ళు కట్టుకున్నంత అలవాటు. వాల్టర్ రోజూ పచ్చ అన్నాడు. "ఏమిటి దేదా, పాడైన సిగ్నల్ దీపంలా ఎప్పుడూ పచ్చేనా?" అని గార్త్ అంటే, "పాడైతే ఎరుపు దగ్గర కదా ఆగిపోయేది," అని తప్పించుకున్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరికి ఒక్కొక్క తోడు. తోడుకు ఒక అట్టముక్క, దాని మీద ఏడు ప్రశ్నలు. బ్రిన్‌ను ఆ ప్రమాదం తర్వాత ఎదురుగా కూచోబెట్టుకుని, మధ్యలో పళ్ళెంలో పిరాహిలు, కూర నింపి కాల్చిన రొట్టెలు, పెట్టుకుని, వాల్టర్ ఆ అట్ట తీశాడు. "నిద్ర పడుతోందా?" "పడుతోంది." "ఆకలి?" "వేస్తోంది, కనిపించడం లేదా?" "మూడోది నా కళ్ళద్దాలకు ఆనడం లేదు." "ఇటివ్వు." ఆమే చదువుకుంది. ఆ సంఘటన గుర్తొచ్చినప్పుడు శరీరంలో ఎక్కడ తెలుస్తోంది అని. "మోచేతిలో," అంది. "మోచేతిలోనా?" "పార పట్టింది దాంతోనే కదా. వీటిలో ఏం పెట్టావు?" "బంగాళాదుంప, జున్ను, ఉల్లిపాయ." "అయితే నాలుగో ప్రశ్న రేపు." ఆ రేపు ఇంకా రాలేదు. కాలేజీలో నేలల గురించి నాలుగేళ్ళు చదువుకున్న మనిషి, ఏ పొర కింద ఏ పొర బలహీనంగా ఉందో చేతిగొడ్డలి పిడితో తట్టి చెప్పగల మనిషి, ఒక పిల్ల మోచేతి దాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

పిరాహిలు చేయడం పాలీ నేర్పింది. పాలీ అంటే భార్య, పోయి రెండేళ్ళు, మార్చి వస్తే రెండేళ్ళు. నేర్పింది అనడం కూడా తప్పే, మంచం మీదినుంచి కేకలేసింది. పిండిని అంత పిసకకు, అది నీకేం అపకారం చేసింది అనేది. ఆఖరి చలికాలం మంచాన్ని వంటింటి గుమ్మానికి ఎదురుగా వేయించుకుని, తను పోయాక ఈ మనిషి డబ్బాల తిండి తిని బతుకుతాడని పట్టుదలగా నేర్పింది. బోర్ష్ పులుసులో సోయికూర ఎప్పుడు వేయాలో, మీగడ ఎప్పుడు పోయాలో. వాల్టర్ కొండ దిగి ఇంటికి రాగానే, "ఇవాళ మంచు ఏమంటోంది?" అని అడిగేది. ముప్పై ఏళ్ళూ అదే ప్రశ్న, అత్తగారి ఆరోగ్యం అడిగినట్టు. ఇప్పుడు ఎవరూ అడగరు, కానీ తలుపు తీసి బూట్లు విడుస్తున్నప్పుడు అతను జవాబు చెబుతూనే ఉంటాడు, పైకి కాదు. ఇవాళ గాలి ఉత్తరంనుంచి. ఇవాళ పైపొర చక్కెరలా ఉంది. చెప్పుకుంటే తేలికగా ఉంటుంది, అదొకటి. పక్కింటి ఆమె ప్రతి శుక్రవారం గుమ్మం దగ్గర రొట్టె పెట్టి తలుపు కొట్టకుండా వెళ్ళిపోతుంది, అదొకటి. పొద్దున పూట పైకి తెచ్చే ట్రక్కులో వెనక వేడి తగిలే సీటు ఎప్పుడూ తనకే వదిలేస్తారు, మాటైనా అనరు. ఇలాంటివి వెతికితే రోజుకు మూడు నాలుగు దొరుకుతాయి. ఇప్పుడు ఈ నీలం ఒకటి.

ఎంతసేపైంది? గడియారం చూడకూడదనుకున్నాడు, చూడలేదు. కాలివేళ్ళు ఆడించాడు. గుడ్డపేలిక సిద్ధంగా ఉంచుకుందామని చాతీ జేబులో చెయ్యి పెట్టాడు. మెత్తగా తగిలింది. చుట్టిన గళ్ళ రుమాలు తీశాడు. రుమాలు తనదే, కానీ వేడిగా ఉండకూడదు కదా. విప్పాడు. పిరాహి.

వాల్టర్ ఆ పిరాహిని చాలాసేపు చూశాడు. పొద్దున రెండు గళ్ళ రుమాళ్ళు. ఒకదాంట్లో పేలిక, ఒకదాంట్లో మధ్యాహ్నం తిండి. పేలిక ఇప్పుడు గుడిసెలో, తన టిఫిన్ డబ్బాలో, పచ్చడి పక్కన భద్రంగా ఉంది. గుంటలోకి తిండి తీసుకెళ్ళకూడదన్నది కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే చెప్పే మాట. మనిషి కోసం రావాల్సిన కుక్క జున్ను కోసం వస్తే అది పరీక్ష కాదు, పలహారం. ఆ మాట ముప్పయ్యారేళ్ళలో కనీసం నలభైమందికి చెప్పినది తనే. వాకీటాకీ తీసి గార్త్‌తో చెప్పాలా? చెబితే ఇవాళ్టికి ఆపేస్తారు, టుల్లీ నాలుగోసారి కూడా ఏమీ దొరక్కుండానే దిగిపోతుంది, రేపు గాలివాన అంటున్నారు. పైగా ఇది ఉల్లిపాయది, కుక్కకు పడదు. కడుపులోకి పోతే ఆ వాసన మనిషిదే అవుతుందని తనకు తానే తీర్పు చెప్పుకుని, వెల్లకిలా పడుకుని, పొడి రాలకుండా, మొదటిసారి దొంగతనం చేస్తున్నవాడిలా పిరాహి మొత్తం తిన్నాడు. బాగుంది. పాలీ అయితే ఉప్పు తక్కువ అనేది. రుమాలును జేబు అడుక్కి కుక్కి, వేళ్ళు మంచులో కడుక్కున్నాడు.

తిన్న తర్వాత తెలిసింది అసలు ఇబ్బంది. టుల్లీ వస్తే ఇవ్వడానికి ఏమీ లేదు. బ్రిన్ పొద్దున చెప్పింది, ట్రక్కులో, కిటికీలోంచి బయటికి చూస్తూ: "పేలిక ఒక్కటే చాలదు దేదా. నువ్వు నిజంగా సంతోషించాలి. అరిచి గోల చెయ్యి, పొర్లు, ఏమైనా చెయ్యి. నటిస్తే దానికి దొరికిపోతావు. మొన్న ముగ్గురూ నటించారు." నిజంగా సంతోషించడం. అరిచి గోల చేయడం. ఆఖరుసారి ఎప్పుడు? వెతికితే దొరికింది పాలీని సాగనంపిన రోజు. ఊళ్ళో ఆడవాళ్ళంతా ప్రార్థనా మందిరంలో నిలబడి కీర్తన ఎత్తుకోబోతే పాలీ అక్క ఒక శ్రుతి, మిగతావాళ్ళు ఇంకో శ్రుతి, ఎవరికి వాళ్ళు ఎదుటివాళ్ళు తగ్గుతారని పట్టిన పట్టు విడవకుండా మొదటి చరణమంతా అలాగే లాగారు. పాలీ ఉంటే మోచేత్తో తన డొక్కలో పొడిచేది. వాల్టర్‌కు నవ్వు ఆగలేదు. రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు కుదిపేలా నవ్వాడు. అందరూ ఏడుస్తున్నాడనుకుని వీపు నిమిరారు. అదే ఆఖరు. తర్వాత నవ్వలేదని కాదు, మర్యాదకు సరిపడా నవ్వుతూనే ఉన్నాడు. పచ్చ అన్నట్టే.

చలి చాపలోంచి వీపులోకి నెమ్మదిగా ఎక్కుతోంది. అయినా లేవాలనిపించడం లేదు. ఇక్కడ చేయాల్సిన పని ఏమీ లేదు. కొలవక్కర్లేదు, రాయక్కర్లేదు, ఈ వాలు తెరవొచ్చా మూయాలా అని ఎవరూ అడగరు. పైన ఉన్నప్పుడు వాల్టర్ ఎప్పుడూ ఇంకొకరికోసం వెతికే మనిషే. వీళ్ళంతా అంతే, పొద్దున లేచినదగ్గరనుంచి ఇతరుల ప్రాణాలమీద ఒక కన్ను వేసి ఉంచడమే బతుకు. కింద పడుకున్నవాడికి మాత్రం ఒకటే పని, ఎవరో తనకోసం వస్తున్నారని నమ్మి ఊరుకోవడం. ఇంత హాయైన పని కుక్కకోసం కనిపెట్టి, మనుషులు ఏడాదికోసారి వంతులు వేసుకుంటున్నారే అనుకున్నాడు. కళ్ళు మూతలు పడబోయాయి.

అప్పుడు కరకరమని అడుగులు. మంచుకు ఒక విచిత్రమైన గుణం ఉంది, కింద ఉన్నవాడి కేక పైకి పోనివ్వదుగానీ పైవాళ్ళ గుసగుసను కూడా కిందికి దింపుతుంది. నాలుగు కాళ్ళ పరుగు వినిపించింది, తేలిగ్గా, వేళ్ళతో దిండు తట్టినట్టు. దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి. ఆగింది. వాల్టర్ ఊపిరి కూడా ఆగింది. పదడుగులు ఉంటుంది. ఒక చిన్న మూలుగు. పరుగు వెనక్కి మళ్ళింది. అయిపోయింది, అనుకున్నాడు, పూలకొట్టు. తర్వాత బరువైన బూట్లు దగ్గరికొచ్చాయి, ఎవరో మోకాళ్ళమీద కూలబడ్డ చప్పుడు, బ్రిన్ గొంతు, ఇంతకుముందు ఎప్పుడూ వినని బ్రిన్ గొంతు.

"ఇక్కడే ఉన్నాడని తెలుసు కదే నీకు. తెలుసు. నువ్వు ఆ రోజు కూడా చెప్పావు." కుక్క రొప్పుతోంది. "మొదటిసారే చెప్పావు. ఆ చెట్టు పక్కన ఆగి తవ్వబోయావు. నేనే నమ్మలేదు. ఇటు రా అని మెడపట్టీ పట్టుకుని లాక్కుపోయా. కిందంతా తిప్పి మళ్ళీ అక్కడికే తీసుకొచ్చా. రెండు నిమిషాలు. నేను గడియారం చూశాను టుల్లీ, రెండు నిమిషాలు." ముక్కు చీదుకుంది. "తప్పు నాది. నువ్వు సరిగ్గానే చెప్పావు. ఇంకెప్పుడూ లాక్కుపోను, సరేనా? నువ్వు ఎక్కడ తవ్వితే అక్కడే నేనూ తవ్వుతా. ఖాళీ నేలైనా సరే, పొద్దుగూకేదాకా తవ్వుతా."

మోచేయి. వాల్టర్‌కు కింద పడుకుని అప్పుడు అర్థమైంది, పార పట్టిన చెయ్యి కాదు, మెడపట్టీ పట్టి లాగిన చెయ్యి. కుక్క భయపడి ఆగడం లేదు. చెప్పినా నమ్మరని ఆగుతోంది. లేచి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. కానీ ఆమె చెప్పింది తనకు కాదు.

"వెతుకు," అంది బ్రిన్. చాలా చిన్నగా, బతిమాలుతున్నట్టు కాదు, దారి అడుగుతున్నట్టు.

ఒకటి, రెండు, మూడు అడుగులు. ఆగింది. ముక్కుతో పొడుగ్గా ఒక పీల్పు. ఆ తర్వాత సరిగ్గా తన బొడ్డు మీద, రెండడుగుల పైన, గీకుడు మొదలైంది. ముందు నెమ్మదిగా, అనుమానంగా, ఒకసారి ఆగి వెనక్కి చూసినట్టుగా. పక్కనే ఇంకో గీకుడు వినిపించింది, అది పార కాదు, మనిషి చేతులు. రెండూ కలిసి వేగం పుంజుకున్నాయి. నీలం పలచబడింది. పొడిమంచు మొహాన రాలింది. పైకప్పులో ఒక చిల్లు పడి, అందులోంచి తడిసిన నల్లటి ముక్కు ఒకటి, ఒక్క ముక్కే, లోపలికొచ్చి ఊపిరి వదిలింది.

వాల్టర్ ఏమి అరవాలో ముందే అనుకుని ఉండలేదు. నోట్లోంచి వచ్చింది వాళ్ళ నాయనమ్మ భాష, పసిపిల్లల్ని ఎత్తుకుని అనే మాటలు, నా పావురమా, నా బంగారు ముద్దా, వచ్చావా తల్లీ, వచ్చావా. అరవై రెండేళ్ళుగా ఎక్కడ ఉన్నాయో ఆ మాటలు. టుల్లీ తలతో చిల్లు పెద్దది చేసుకుని మీదపడింది. పేలిక కోసం చేతులు వాసన చూసింది, లేదు, జేబులు చూసింది, లేదు, ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తర్వాత సొంతంగా నిర్ణయించుకుని, కోటు చెయ్యి పళ్ళతో పట్టుకుని లాగింది. వాల్టర్ ఇటు లాగాడు. చొక్కా దాకా చిరిగింది. పట్టు వదలవే రాక్షసీ అంటూ, కళ్ళవెంట నీళ్ళు కారుతూ, మంచు మింగుతూ, ఎక్కిళ్ళు పట్టేలా నవ్వాడు, నవ్వుతూనే మోకాళ్ళమీద బయటికి పాకాడు, బయట ఎండ, ఎండలో ఇద్దరూ వాలు మీద పదిగజాలు దొర్లారు.

"పేలిక ఏది?" అన్నాడు గార్త్.

"టిఫిన్ డబ్బాలో."

"మరి తిండి?"

వాల్టర్ పొట్ట తట్టి చూపించాడు. గార్త్ నెత్తి కొట్టుకున్నాడు. "ముప్పయ్యారేళ్ళ అనుభవం. పరీక్షకుడికి చెబితే నీ పేరు కొట్టేస్తాడు ముందు."

బ్రిన్ మంచులో కూచుని కుక్కను చూస్తోంది. చిరిగిన కోటు చెయ్యి నోట్లో పట్టుకుని టుల్లీ ఆమె చుట్టూ ఊరేగుతోంది. బ్రిన్ నవ్వుతోంది, కానీ ఎడమచేత్తో కుడి మోచేయి గట్టిగా పట్టుకునే ఉంది. వాల్టర్ అది చూశాడు. జేబులో ఏడు ప్రశ్నల అట్ట ఉంది, దాని జోలికి పోలేదు.

"లోపలికి దూరు," అన్నాడు.

"ఎవరు, నేనా?"

"నువ్వే. చాప వెచ్చగానే ఉంది. టుల్లీ పిల్లగా ఉన్నప్పుడు మొదట నిన్నే కదా వెతికింది."

"దేదా, అది పసిపిల్లల పాఠం. శనివారం పరీక్ష పెట్టుకుని..."

"శనివారం సంగతి టుల్లీ చూసుకుంటుంది. దూరు. లోపల నీకు పనేమీ ఉండదు. వాకీటాకీ ఇదుగో, విను, మాట్లాడకు."

ఆమె గార్త్ వైపు చూసింది. అతను భుజాలెగరేశాడు. ఆమె కాసేపు బూటుతో మంచు తన్ని, పక్కకు చూసి, ఆ తర్వాత పిల్లిలా వంగి లోపలికి పాకింది. వాల్టర్ పైకప్పు చిల్లు మీదా, ముందువైపూ ఒక్కొక్క దిమ్మా పేర్చాడు. ఆఖరి సందులోంచి "చీకటిగా లేదే," అన్న మాట వినిపించింది, ఆశ్చర్యంగా. మూసేశాడు. టుల్లీ మెడపట్టీ రెండు చేతులా పట్టుకున్నాడు. కుక్క ఒళ్ళంతా వణుకు, కళ్ళు ఆ దిమ్మలమీదే.

"గార్త్," అన్నాడు వాల్టర్ గట్టిగా, "ఆ రోజు బ్రిన్ ఎంతసేపట్లో తవ్వింది?"

"ఎందుకలా అరుస్తావు? పక్కనే ఉన్నాగా."

వాల్టర్ కాళ్ళకింది మంచు వైపు చూశాడు. గార్త్ కూడా అటు చూశాడు. బ్రిన్ ఇందాక కుక్కతో అన్నమాటలు అతని చెవినా పడ్డట్టున్నాయి. తర్వాత టోపీ వెనక్కి తోసుకుని, సభలో మాట్లాడబోయేవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"ఆరు నిమిషాలు. నిలువెత్తు గొయ్యి. అంత వేగం నేను ఎక్కడా చూడలేదు."

"డాక్టరు ఏమన్నాడు?"

"చెట్టుకు తగలగానే ప్రాణం పోయిందన్నాడు. చరియ కిందికి చేరి ఆగకముందే. మనకు అప్పటికి కబురే అందలేదు. రెండు నిమిషాలు కాదు, రెక్కలు కట్టుకుని వెళ్ళినా అంతే."

"కుక్క మాట నమ్మకపోవడం నీకెప్పుడైనా జరిగిందా?"

"నాకా? మొదటి ఏడాది నా కుక్కను ఆరుసార్లు లాక్కొచ్చాను. ఏడోసారి అది నా పిర్ర కరిచింది. మచ్చ ఇంకా ఉంది, చూపించమంటావా?"

"వద్దు, చెప్పు చాలు."

గార్త్‌కు ఊపొచ్చింది. రెండడుగులు ముందుకు వేసి సరిగ్గా గుంట అంచున నిలబడి, కొండ అవతలికి వినపడేలా అందుకున్నాడు. "ఆ పిల్ల పెట్టే కాఫీ మాత్రం బురదనీళ్ళు. అది తప్పిస్తే ఈ జట్టులో..."

టుల్లీ వాల్టర్ చేతుల్లోంచి జారిపోబోయింది. అతను పట్టీ వదలకుండా, వంగి దాని చెవిలో అన్నాడు, "ఇంకొక్క నిమిషం ఆగవే తల్లీ. గార్త్‌ను మాట పూర్తి చెయ్యనీ."